ఒక కీ చేతిలో ఉండగానే రెండోది: కారు తాళం పని ఇంట్లో ఎంతవరకు అవుతుంది?

తిరుమల పుష్కరిణిలో మూడు మునకలు వేసి గట్టెక్కాక, తడి ప్యాంటు జేబులో కారు కీ చేతికి తగులుతుంది. పార్కింగ్ దగ్గరికి వెళ్లి రిమోట్ నొక్కితే బండి పలకదు. డోరుకు కీ పెట్టి తెరిచి, స్టీరింగ్ పక్కన పెట్టి తిప్పితే మాత్రం ఇంజన్ ఎప్పటిలాగే స్టార్ట్ అవుతుంది.

ఇంకో బండి పరిస్థితి దీనికి తలకిందులు. రిమోట్ పనిచేస్తుంది, డోర్లు తెరుచుకుంటాయి, కీ తిరుగుతుంది, సెల్ఫ్ కూడా తిరుగుతుంది. ఇంజన్ మాత్రం అందుకోదు. అందుకున్నా రెండు సెకన్లకే ఆగిపోతుంది. మీటర్ బోర్డులో తాళం బొమ్మ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. కాణిపాకం దారిలో ఇలా ఆగిన బండి చుట్టూ చేరినవాళ్లు పెట్రోలు చూస్తారు, బ్యాటరీ చూస్తారు, ఫ్యూయల్ పంపు చూస్తారు. చేతిలో ఉన్న కీని అనుమానించాలని చాలామందికి తోచదు.

మొదటి బండిలో పోయింది రిమోట్. రెండో బండిలో పోయింది చిప్. రెండూ ఒకే ప్లాస్టిక్ డొక్కులో ఉంటాయి కాబట్టి అంతా ఒకటే అనుకుంటాం. కొత్త కీ ఇంట్లోనే ప్రోగ్రామ్ చేసుకోవచ్చా అని అడిగేవాళ్లకు అవునని, కాదని రెండు రకాల జవాబులు దొరకడానికి కారణం ఇదే. కీలో ఏ భాగం గురించి అడుగుతున్నామో తేలకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు.

కీలో మూడు భాగాలు

మొదటిది ఇనుప భాగం. చిత్తూరు వైపు బీగం చెవి అనేది దీన్నే. డోరు తాళాన్నీ, ఇగ్నిషన్ తాళాన్నీ తిప్పడం వరకే దీని పని. కార్బురేటర్ మారుతి 800, అంబాసిడర్ రోజుల్లో కారు కీ అంటే ఇదొక్కటే. రోడ్డు పక్క ఆకురాయితో గీసి ఇచ్చిన డూప్లికేట్‌తో బండి కదిలిపోయేది. దొంగకూ అంతే సులువుగా కదిలేది.

రెండోది రిమోట్. ఇందులో చిన్న బిళ్ల బ్యాటరీ, ఒక బోర్డు, రెండు మూడు బటన్లు ఉంటాయి. మన దేశంలో దొరికే కార్ల రిమోట్లు ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. డోర్లు తెరవడం, మూయడం తప్ప ఇంజన్‌తో దీనికి సంబంధం లేదు.

మూడోది ట్రాన్స్‌పాండర్ చిప్. అసలు చిక్కంతా దీనితోనే. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దదిగా గాజు గొట్టం రూపంలోనో, నల్లటి చిన్న బిళ్లలాగో కీ తలలో ఒక మూల దాక్కుని ఉంటుంది. కొన్ని కీలలో రిమోట్ బోర్డు మీదే అతికి ఉంటుంది. దీనికి బ్యాటరీ అక్కర్లేదు. ఇగ్నిషన్ తాళం చుట్టూ రాగి తీగ చుట్టిన ఒక వలయం ఉంటుంది. కీ తిప్పగానే ఆ వలయం 125 కిలోహెర్ట్జ్ దగ్గర అయస్కాంత తరంగాన్ని వదులుతుంది. చిప్ ఆ తరంగం నుంచే కాస్త కరెంటు పుట్టించుకుని మేలుకుంటుంది. పుష్కరిణిలో మునిగిన కీతో కూడా బండి స్టార్ట్ కావడానికి కారణం ఇదే. నీళ్లకు రిమోట్ బోర్డు చస్తుంది గానీ, గాజులో సీలు చేసిన చిప్‌కు ఏమీ కాదు.

మేలుకున్న చిప్‌కూ బండికీ మధ్య జరిగే సంభాషణ కొంచెం వివరంగా చూడాలి. బండి ఒక అంకెను విసురుతుంది, ప్రతిసారీ కొత్త అంకె. చిప్ తన లోపల ఉన్న రహస్య సంఖ్యతో ఆ అంకెను కలిపి లెక్క వేసి జవాబు పంపుతుంది. బండి కూడా అదే లెక్క తన దగ్గర వేసి చూస్తుంది. రెండు జవాబులు ఒకటైతేనే ఇంజన్ కంప్యూటర్ పెట్రోలు వదులుతుంది. రహస్య సంఖ్య మాత్రం గాలిలోకి రాదు. అందుకే పక్కన నిలబడి విన్నవాడికి ఆ జవాబు ఎందుకూ పనికిరాదు, రేపు ప్రశ్న మారిపోతుంది. ఇదంతా మనం కీ తిప్పి సెల్ఫ్ కొట్టేలోపే అయిపోతుంది. ఈ ఏర్పాటునే ఇమ్మొబిలైజర్ అంటారు. మారుతి వాళ్లు దీనికి ఐక్యాట్స్ అని పేరు పెట్టుకున్నారు.

కొత్త కీని ప్రోగ్రామ్ చేయడమంటే, ఈ రహస్యాన్ని కొత్త చిప్‌తో పంచుకోమని బండిని ఒప్పించడం. బండి ఎవరి మాట విని ఒప్పుకోవాలి అన్నదే ప్రతి కంపెనీ ముందూ ఉన్న ప్రశ్న. యజమాని మాట సులువుగా వింటే దొంగ మాటా సులువుగానే వింటుంది.

ఆ వీడియోలు ఏ బండివి?

ఇంట్లో కీ ప్రోగ్రామ్ చేసుకోవడం ఎలాగని ఫోన్‌లో వెతికితే కనిపించే వీడియోలు చాలావరకు అమెరికావి. అక్కడి ఫోర్డ్ కార్లలో ఒక పద్ధతి ఉంది. పనిచేసే కీలు రెండు ఉంటే, మొదటిది పెట్టి ఆన్ చేసి తీసి, వెంటనే రెండోది పెట్టి ఆన్ చేసి తీసి, కొద్ది సెకన్లలోపే కొత్త కీ పెట్టి ఆన్ చేస్తే బండి దాన్ని చేర్చుకుంటుంది. అలా ఎనిమిది కీల వరకు నేర్పొచ్చు. పాత జనరల్ మోటార్స్ కార్లు కొన్నింట్లో కీని ఆన్‌లో పెట్టి పది నిమిషాలు ఆగడం, అలా మూడుసార్లు చేయడం అనే పద్ధతి ఉండేది. అరగంట ఓపిక ఉంటే చాలు, పరికరమేదీ అక్కర్లేదు.

ఈ పద్ధతుల వెనుక ఉన్న ఆలోచన బాగుంటుంది. రెండు అసలు కీలు చేతిలో ఉన్నవాడు యజమానే అయి ఉంటాడని ఫోర్డ్ లెక్క. దొంగకు అరగంట కూర్చునే తీరిక ఉండదని జనరల్ మోటార్స్ లెక్క. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. రెండు కీలు ఉన్నవాడికే మూడోది సులువు. నిజంగా అవసరం పడేది మాత్రం ఒక కీ పోగొట్టుకున్నవాడికి.

దేశాన్ని బట్టి కూడా బండి మారిపోతుంది. యూరప్‌లో 1998 అక్టోబరు నుంచి కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి చేశారు. కెనడాలో 2007లో చేశారు. అమెరికాలో అలాంటి చట్టం రాలేదు. దాని ఫలితం 2021, 2022లో కనిపించింది. అక్కడ అమ్మిన హ్యుందాయ్, కియా కార్లలో చాలావాటికి ఇమ్మొబిలైజర్ లేదన్న సంగతి సోషల్ మీడియాలో పాకి, పిల్లలు యూఎస్‌బీ కేబుల్ కొనతో ఇగ్నిషన్ తిప్పి కార్లు ఎత్తుకుపోయారు. ఒకే కంపెనీ, ఒకే పేరున్న బండి అయినా అమెరికాలో లోపల ఉన్నది ఇక్కడ ఉండాలని లేదు. అక్కడి వీడియో చూసి తిరుపతిలో కీ పదిసార్లు తిప్పి, బండి వినడం లేదని కంగారు పడేవాళ్ల తప్పేమీ లేదు. ఆ పద్ధతి వాళ్ల బండిలో అసలు పెట్టనే లేదు.

అమెరికాలో ఉన్న కొడుకు అదే మోడల్ రిమోట్ కొని పంపితే పని అవుతుందా అన్నది మన ఇళ్లలో తరచూ వచ్చే ప్రశ్న. అక్కడి రిమోట్లు ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్‌వి. ఇక్కడి బండి 433 దగ్గర చెవి పెట్టి ఉంటుంది. ఎంత నొక్కినా వినపడదు. పార్సిల్ ఖర్చు దండగ.

తన బండిలో ఏముందో తెలుసుకోవడానికి వీడియోల కంటే నమ్మదగినది గ్లవ్ బాక్స్‌లో నలిగి పడి ఉండే ఓనర్స్ మాన్యువల్. కీల అధ్యాయంలో అదనపు కీ నేర్పే పద్ధతి రాసి ఉంటే అది ఆ బండికి వర్తిస్తుంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌ను సంప్రదించండి అని మాత్రమే ఉంటే, చిప్ వరకు ఇంటి పని అక్కడితో ముగిసినట్టే. మన దగ్గర తిరిగే మారుతి, హ్యుందాయ్, టాటా, మహీంద్రా బండ్లలో చాలావరకు చిప్ చేర్చడానికి బండి కంప్యూటర్‌తో మాట్లాడే డయాగ్నస్టిక్ పరికరం కావాలి, కొన్నింటికి దానితోపాటు ఆ బండికి కేటాయించిన రహస్య అంకె, అంటే పిన్ నంబరు కూడా కావాలి.

ఇంట్లో నిజంగా అయ్యే పనులు

చిప్ సంగతి పక్కన పెడితే ఇంట్లో అయ్యేది తక్కువేమీ కాదు. కొత్త కీ కావాలనుకుని బయల్దేరేవాళ్లలో చాలామందికి అసలు కొత్త కీ అవసరమే ఉండదు.

రిమోట్ దూరం నుంచి పనిచేయక, డోరు దగ్గరికి వెళ్లి రెండు మూడుసార్లు నొక్కితేనే తెరుచుకుంటోందంటే అనుమానించాల్సింది బ్యాటరీని. బిళ్ల మీద రాసిన నంబరు చూసి అదే కొనాలి. సీఆర్ 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. సీఆర్ 2025 కూడా అంతే వెడల్పు, మందం మాత్రం 2.5. రెండూ 3 వోల్టులే కదా అని 2032 బదులు 2025 పెడితే వదులుగా కూర్చుని, ఒకసారి పనిచేసి ఇంకోసారి మానేస్తుంది. అప్పుడు రిమోటే పోయిందనుకుని వేలు ఖర్చు పెట్టేవాళ్లున్నారు. గడియారాల షాపులో దొరికే బిళ్లతో అయ్యే పని అది. బ్యాటరీ మార్చినంత మాత్రాన చాలా రిమోట్లకు మళ్లీ ప్రోగ్రామింగ్ అక్కర్లేదు.

ఇంట్లో పిల్లలు కీతో ఆడుకున్నాక రిమోట్ పనిచేయకపోవడం ఇంకో సమస్య. రిమోట్ ప్రతి నొక్కుకూ కోడ్ మారుస్తుంది. దీన్ని రోలింగ్ కోడ్ అంటారు. దక్షిణాఫ్రికాలో పుట్టి 1995లో మైక్రోచిప్ కంపెనీ చేతికి వచ్చిన కీలాక్ అనే పద్ధతి ఇందులో బాగా పేరున్నది. కారుకు అందనంత దూరంలో నొక్కుతూ పోతే రిమోట్ లెక్క ముందుకు వెళ్లిపోతుంది, కారు లెక్క వెనకే ఉంటుంది. కీలాక్‌లో 16 నొక్కుల లోపు తేడా ఉంటే కారు మామూలుగానే ఒప్పుకుంటుంది. అంతకంటే ఎక్కువైతే వరసగా రెండుసార్లు నొక్కాలి. ఆ రెండూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చే కోడ్‌లే అని చూసుకుని కారు తన లెక్క సరిచేసుకుంటుంది. కారు పక్కన నిలబడి నెమ్మదిగా రెండుసార్లు నొక్కి చూడడానికి పైసా ఖర్చు లేదు.

నీళ్లలో పడ్డ కీకి మొదట చేయాల్సింది రిమోట్ నొక్కి చూడడం కాదు, బ్యాటరీ తీసేయడం. కరెంటు పారుతున్నంతసేపు తడి బోర్డు మీద తుప్పు వేగంగా పడుతుంది. డొక్కు విప్పి, మొబైల్ షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డును మెత్తటి బ్రష్‌తో తుడిచి, ఫ్యాను గాలికి ఒక రోజు ఆరబెట్టాలి. బియ్యం డబ్బాలో పెడితే పైపైన తేమ పోతుందేమో గానీ, నీటితో వచ్చిన ఉప్పు బోర్డు మీదే ఉండిపోతుంది. కపిలతీర్థం జలపాతం కింద తడిసినా, పద్మసరోవరంలో మునిగినా వైద్యం ఇదే.

పుష్ స్టార్ట్ బండ్లలో కీ బ్యాటరీ పూర్తిగా అయిపోతే బండి కీ కనపడలేదంటుంది. అప్పుడు భయపడక్కర్లేదు. ఫాబ్, అంటే ఈ బండ్ల రిమోట్ కీ డొక్కు లోపల దాచి ఉన్న చిన్న ఇనుప కీని బయటికి లాగి డోరు తెరవాలి. బ్రేకు తొక్కి, ఫాబ్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కాలి. కొన్ని మోడళ్లలో ఫాబ్ పెట్టాల్సిన చోటు వేరేగా ఉంటుంది, మాన్యువల్‌లో బొమ్మ వేసి చూపిస్తారు. ఫాబ్‌లో కూడా బ్యాటరీ అక్కర్లేని చిప్ ఉంటుంది కాబట్టి ఇంజన్ స్టార్ట్ అవుతుంది. ఘాట్ రోడ్డు ఎక్కే ముందే ఈ సంగతి తెలిసి ఉంటే చీకట్లో కొండ మీద టెన్షన్ పడాల్సిన పని ఉండదు.

బటన్ రబ్బరు చిరిగిపోయి, కీ తల వదులైపోయినవాళ్లకు కావాల్సింది కొత్త డొక్కు. ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే దొరుకుతుంది, స్క్రూడ్రైవర్ పట్టగలిగిన ఎవరైనా మార్చుకోవచ్చు. అయితే ఇంటి పనిలో అన్నింటికంటే పెద్ద నష్టం జరిగేదీ ఇక్కడే. రిమోట్ బోర్డు తీసి కొత్త డొక్కులో పెట్టి, పాత డొక్కును చెత్తలో పడేస్తారు. ఆ పాత డొక్కు మూలలో చిప్ అతికి ఉంటుంది. కొత్త కీతో డోర్లు తెరుచుకుంటాయి, ఇంజన్ మాత్రం స్టార్ట్ కాదు. మున్సిపాలిటీ బండి వచ్చి చెత్త తీసుకుపోయాక ఆ సంగతి తెలుస్తుంది. డొక్కు మార్చేవాళ్లు పాతదాన్ని వెలుతురులో పెట్టి ప్రతి మూలా చూడాలి, చిప్ కనపడితే గోటితోనో సన్నని బ్లేడుతోనో నెమ్మదిగా లేపాలి. గాజు చిప్‌ను పట్టకారుతో గట్టిగా నొక్కితే పగిలిపోతుంది. కొత్త కీతో కనీసం రెండు రోజులు బండి తిరిగాకే పాత డొక్కు పారేయాలి.

ప్రోగ్రామింగ్ అన్న మాటకు తగ్గ పని మన ఇళ్లలో చేసుకోగలిగేది ఒకటుంది. బేస్ మోడల్ కొని, బయట షాపులో సెంట్రల్ లాకింగ్ వేయించుకున్న బండ్లు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. ఆటోకాప్, మిండా లాంటి కంపెనీల కిట్లు అవి. వాటి రిమోట్‌కు బండితో వచ్చిన కంప్యూటర్‌తో సంబంధం లేదు. డ్యాష్‌బోర్డు కింద పెట్టిన వేరే బాక్సు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి బాక్సుకు ఉన్న చిన్న స్విచ్ నొక్కి, ఇండికేటర్ మెరిశాక కొత్త రిమోట్ నొక్కడం లాంటి పద్ధతి కిట్‌తో వచ్చిన కాగితంలో ఉంటుంది. కిట్టును బట్టి వరస మారుతుంది కాబట్టి ఆ కాగితాన్ని ఆర్సీతో సమానంగా దాచుకోవాలి. ఈ బండ్లలో చిప్ ఉంటే అది కంపెనీ ఇనుప కీ తలలో వేరుగా ఉంటుంది, దాని జోలికి వెళ్లక్కర్లేదు.

ఓబీడీ పరికరం కొంటే?

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. బండి కంప్యూటర్‌తో మాట్లాడే ఈ సాకెట్‌నే ఓబీడీ అంటారు. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే ఈఎల్ఎం 327 అడాప్టర్‌ను దానికి పెట్టి ఫోన్‌తో చూస్తే ఇంజన్ లోపాల కోడ్‌లు చదవొచ్చు, చెరపొచ్చు. దానితో కీ కూడా ప్రోగ్రామ్ అవుతుందని అమ్మేవాళ్ల మాట చాలా బండ్ల విషయంలో నిజం కాదు. ఫోర్డ్ కార్లకు మాత్రం ఫోర్‌స్కాన్ అనే సాఫ్ట్‌వేర్‌తో, సరైన అడాప్టర్ ఉంటే, చాలా మోడళ్లలో కీ చేర్చగలరు. ఫోర్డ్ 2021లో మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించాక ఫిగో, ఎకోస్పోర్ట్ యజమానులకు ఈ దారి విలువైనది. కానీ జాగ్రత్త. చాలా ఫోర్డ్ బండ్లలో పాత కీలన్నీ చెరిపి మొదటి నుంచి నేర్పితే కనీసం రెండు కీలు నేర్పేదాకా బండి స్టార్ట్ కాదు. ఒకే కీతో ఆ మెనూలోకి వెళ్లినవాళ్లు నడిచే బండిని చేతులారా ఆపుకున్నట్టవుతుంది.

తాళాలవాళ్లు వాడే ఎక్స్‌హార్స్, కీడీఐవై, ఆటెల్ లాంటి పరికరాలు ఎవరైనా కొనుక్కోవచ్చు. ఒక్క కీ కోసం అంత డబ్బు పెట్టడం మాత్రం లెక్క కుదరని పని. పరికరం ఉన్నా అనుభవం కావాలి. ఐడీ 46 రకం చిప్ పెట్టాల్సిన చోట ఐడీ 47 రకం పెడితే బండి దాన్ని పలకరించను కూడా పలకరించదు. కొన్ని కార్లలో తప్పు పిన్ పదేపదే కొడితే సిస్టమ్ కొంతసేపు తలుపులు మూసుకుంటుంది. ఇంకొన్నింట్లో కొత్త కీ నేర్పేటప్పుడు పాత కీలన్నీ అక్కడే ఉండాలి, లేనివాటిని బండి మర్చిపోతుంది. పని మధ్యలో బ్యాటరీ పడిపోతే కీలను గుర్తుపెట్టుకునే కంట్రోల్ బాక్సులో సగం రాత మిగిలి, ఉన్న కీ కూడా పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది. ఆపి ఉంచిన బండి బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12.2కు దిగిందంటే ముందు ఛార్జింగ్ పెట్టాలి. కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ ఉన్న ప్రాంతం కాబట్టి మంచి బ్యాటరీ, ఛార్జర్ సంపాదించడం తిరుపతిలో కష్టమైన పని కాదు.

మద్రాసులో పార్టులు చవకని మనవాళ్లకు గట్టి నమ్మకం. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొత్తవి, పుదుపేటలో పాతవి వెతికి తెచ్చుకోవడం అలవాటు. లైట్లకు, బంపర్లకు అది చెల్లుతుంది. పాత కీకి చెల్లదు. చాలా కార్ల చిప్‌లు ఒకసారి ఒక బండికి కట్టుబడ్డాక తాళం పడిపోతాయి, ఇంకో బండి నేర్పబోతే ఒప్పుకోవు. ముక్కలు చేసిన కారు నుంచి తీసిన కీ ఎంత అసలైనదైనా దాని బండితోనే దాని కథ ముగిసినట్టు. ఇనుప భాగం కూడా ఆ పాత తాళానికే కోసి ఉంటుంది.

ఇనుప భాగం విషయంలోనూ ఒక మెలకువ ఉంది. పదేళ్లు వాడిన కీని మెషిన్‌లో పెట్టి కాపీ తీస్తే, దాని అరుగుదల కూడా కాపీ అవుతుంది. కొత్త కీ మొదటి రోజు నుంచే ముసలిదై పుడుతుంది, తిప్పేటప్పుడు పట్టేస్తుంది. కొత్త బండితో పాటు చిన్న బిళ్ల మీదో ట్యాగ్ మీదో కీ నంబరు వస్తుంది. ఆ నంబరును బట్టి కోస్తే ఫ్యాక్టరీ కొలతల ప్రకారం కీ తయారవుతుంది. డెలివరీ రోజు కొబ్బరికాయ, నిమ్మకాయల హడావుడిలో ఆ ట్యాగ్ ఎటుపోయిందో ఎవరూ చూడరు.

ఉన్న ఒక్కటీ పోతే

ఒక కీ ఉండగా రెండోది చేయించడానికీ, ఉన్నది కూడా పోయాక చేయించడానికీ మధ్య తేడా చాలామంది ఊహించినదానికంటే పెద్దది. కీ ఉంటే, కొన్ని రకాల చిప్‌లను నేరుగా క్లోన్ చేయొచ్చు. పాత చిప్‌లో ఉన్నదంతా కొత్తదానిలోకి దిగుతుంది, బండికి తేడా తెలియదు. లేదా బండిని ఆన్ చేసి సాకెట్ ద్వారా కొత్తదాన్ని చేర్చొచ్చు. ఇనుప భాగానికి నమూనా కూడా చేతిలోనే ఉంటుంది. అనుభవం ఉన్న మనిషికి ఇంటి ముందు నిలబడి చేసే పని.

ఏ కీ లేకపోతే మొదట డోరు తెరవాలి, తాళం గూడు చదివి ఇనుప కీ కోయాలి, పిన్ సంపాదించాలి. అది దొరకకపోతే కొన్ని బండ్లలో కంట్రోల్ బాక్సు విప్పి, అందులోని మెమరీ చిప్‌ను నేరుగా చదవాల్సి వస్తుంది. షోరూము దారిలో వెళ్తే ఆర్సీ, ఆధార్, పోలీసు ఫిర్యాదు రసీదు అడుగుతారు, కీ కంపెనీ నుంచి రావాలి, దాన్ని నేర్పడానికి బండిని లారీ మీద ఎక్కించి తీసుకెళ్లాలి. పలమనేరులోనో శ్రీకాళహస్తిలోనో బండి ఆగితే, రేణిగుంట రోడ్డులోని షోరూముదాకా తెచ్చే ఖర్చే విడిగా ఒక కీ ఖర్చుకు దగ్గరపడుతుంది. తిరుపతిలో యాత్రికుల కోసం తిరిగే ట్యాక్సీలకైతే ఆగిన ప్రతి రోజూ సంపాదన పోయినట్టే. డ్రైవర్లు మారుతూ ఉండే బండికి ఒకే కీతో నెట్టుకురావడం ఆ ఓనర్లు కొనితెచ్చుకునే ప్రమాదం. ఇంటిల్లిపాదీ కొండకు వెళ్లేటప్పుడు స్పేర్ కీ కడపలో బీరువాలో ఉన్నా లేనట్టే. అది ఇంకో మనిషి జేబులో ప్రయాణం చేయాలి, ఒకే బ్యాగులో రెండూ ఉండకూడదు.

ఒకే కీగుత్తికి రెండు చిప్ కీలు తగిలించడం కూడా మంచిది కాదు. ఇగ్నిషన్ వలయం దగ్గర రెండు చిప్‌లు ఒకేసారి మేలుకుంటే ఒకదాని జవాబుకు ఇంకోటి అడ్డం వస్తుంది, బండి అప్పుడప్పుడు మొరాయిస్తుంది. రెండు బండ్ల కీలు ఒకే రింగులో పెట్టుకునేవాళ్లు ముందు వాటిని విడదీసి చూడాలి.

పాత బండి కొన్నవాళ్లకు

సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ఇప్పటికీ ఏపీ 03 నంబరుతో తిరిగే ఉమ్మడి చిత్తూరు జిల్లా బండ్లు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని ముగ్గురు నలుగురి చేతులు మారి ఉంటాయి. అమ్మేటప్పుడు ఒకే కీ ఇచ్చి రెండోది ఎప్పుడో పోయిందంటే కొనేవాళ్లు ధర కాస్త తగ్గించి ఊరుకుంటారు. ఆ రెండో కీ నిజంగా పోయిందో, పాత ఓనరు బావమరిది దగ్గర ఉందో ఎవరికి తెలుసు? బండి కంప్యూటర్‌కు మాత్రం అది ఇంకా సొంత కీయే. చాలా కార్లలో డయాగ్నస్టిక్ పరికరం పెడితే ఎన్ని కీలు నేర్పి ఉన్నాయో అంకె కనిపిస్తుంది. చేతిలో ఒకటే ఉండి తెర మీద మూడు కనిపిస్తే, పాతవన్నీ చెరిపి ఉన్న కీని, కొత్త కీని మళ్లీ నేర్పించుకోవాలి. బండి కొన్న వారంలోనే చేయించాల్సిన పని ఇది. సీటు కవర్ల కంటే ముందు చేయించాలి. చెరిపినా పాత ఇనుప కీ డోరును తెరుస్తూనే ఉంటుంది, ఇంజన్ మాత్రం కదలదు.

చిప్ ఉన్నంత మాత్రాన బండి భద్రమనుకోవడానికీ లేదు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్‌లోని 40 బిట్ల రహస్యాన్ని 2005లో అమెరికా పరిశోధకులు ఛేదించి చూపించారు. 2012లో హైట్యాగ్ 2 అనే చిప్ వంతు వచ్చింది. మెగామోస్ చిప్ లోపాల మీద రాసిన పరిశోధన పత్రాన్ని 2013లో ఇంగ్లండ్ హైకోర్టు ఆపించింది, అది 2015లో గానీ వెలుగు చూడలేదు. కొత్త కార్లలో లెక్కలు గట్టిపడుతూ వస్తున్నది ఇందుకే, ఇంట్లో కీ చేర్చుకునే పాత పద్ధతులు ఒక్కొక్కటే మూతపడుతున్నదీ ఇందుకే. యజమానికి ఇది ఇబ్బందే. ఆ ఇబ్బందికి కారణం ఉంది కాబట్టి, బండి చేయనివ్వని పనిని మొండిగా చేయబోయి కంట్రోల్ బాక్సు పాడుచేసుకోవడం కంటే తెలిసిన చేతికి అప్పగించడమే మేలు.

ఆ తెలిసిన చేతిని ఎంచుకునేటప్పుడు అడగాల్సినవి కొన్నే. పని మన కళ్లముందు జరగాలి. చివర్లో పాత కీతో, కొత్త కీతో వేర్వేరుగా, రెండోది బండికి దూరంగా ఉంచి స్టార్ట్ చేసి చూడాలి. ఆర్సీ చూపించమని అడిగాడంటే విసుక్కోకూడదు. అడగని చోటే అనుమానించాలి. మన బండికి అడగకుండా చేసినవాడు, ఇంకొకరు వచ్చి మన బండి తమదంటే కూడా అలాగే చేస్తాడు.

ఇన్సూరెన్స్ విషయం కూడా కీతోనే ముడిపడి ఉంది. కారు దొంగతనం క్లెయిమ్ పెట్టినప్పుడు కంపెనీలు ఎఫ్ఐఆర్‌తో పాటు ఆ బండి కీలన్నీ అప్పగించమంటాయి. రెండోది ఎప్పుడో పోయిందని అప్పుడు చెబితే ప్రశ్నలు మొదలవుతాయి. అందుకే కీ పోయిన రోజే పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు రాసిచ్చి రసీదు తీసుకోవాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక మెయిల్ పెట్టాలి. కీ రీప్లేస్‌మెంట్ కవర్ అనే యాడ్ ఆన్ పాలసీలో ఉంటే కొత్త కీ ఖర్చులో కొంతో మొత్తమో తిరిగి వస్తుంది. అది రెన్యువల్ రోజు తీసుకోవాల్సినది, కీ పోయాక అడిగితే ఇవ్వరు.

ఇక కీ నంబరు ట్యాగ్. అది కారులో ఉండకూడదు, స్పేర్ కీకి తగిలించి ఉండకూడదు. ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టకూడదు, ఎందుకంటే ఆ నంబరు ఎవరి చేతికి దొరికినా డోరు తీసే ఇనుప కీ కోయించుకోగలరు. ఇంటి పత్రాలు, బంగారం రసీదులు ఉండే చోట, ఒక కవర్‌లో బండి నంబరు రాసి, షోరూము ఇచ్చిన పిన్ కాగితం ఉంటే దాన్ని కూడా అందులోనే పెట్టి, ఆ కవర్ ఎక్కడుందో ఇంట్లో ఇంకొక్కరికి చెప్పి ఉంచాలి.